బ్యాలెట్ మీద కారణం రాసే చోటు లేదు

2024 లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 77 దేశాల్లో 73 వేలమందికి పైగా మనుషుల్ని వాతావరణ మార్పు గురించి అడిగింది. ప్రభుత్వాలు ఇప్పుడు చేస్తున్నది చాలదు, ఇంకా గట్టిగా పనిచేయాలి అన్నవాళ్ళు నూటికి ఎనభై మంది. అదే ఏడాది, ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది ఉన్న దేశాల్లో ఎన్నికలు జరిగాయి. వాటిలో చాలాచోట్ల ప్రచారమంతా ధరలు, ఉద్యోగాలు, వలసల చుట్టూ తిరిగింది. వాతావరణం మేనిఫెస్టో చివరి పేజీల్లో ఉండిపోయింది.

ఎనభై మంది కోరుకునే పని ఎన్నికల్లో ఎందుకు కనపడదు? జనం అబద్ధం చెప్పారని నేను అనుకోను. "కావాలా?" అని అడిగితే కావాలన్నారు. "దేనికన్నా ముందు కావాలి?" అన్నది వేరే ప్రశ్న, నాయకులు లెక్కేసుకునేది దాని జవాబునే. వెయ్యి ఓట్ల తేడాతో ఫలితం తేలే నియోజకవర్గంలో, ఒక విషయం కోసం ఓటు మార్చుకునే పదిహేను వందల మంది ఉంటే చాలు. ఆ విషయం మంచిదేనని తలూపి, ఓటు మాత్రం ఇంకో లెక్కతో వేసే లక్ష మందికన్నా ఆ పదిహేను వందల మందికే బరువెక్కువ.

అందుకే వాతావరణాన్ని ఓటుకి మొదటి కారణంగా పెట్టుకోవాలంటాను. కానీ ఆ పని పోలింగ్ బూత్ లోపల అయ్యేది కాదు. బ్యాలెట్ మీద పేరుంటుంది, గుర్తుంటుంది. ఎందుకు వేశామో రాసే చోటు ఉండదు. మనం నదిని చూసి ఓటేసినా, గెలిచినాయన రోడ్డు వల్ల గెలిచాననుకుంటాడు. కారణం చెప్పని ఓటు ఎంత గట్టి నమ్మకంతో వేసినా మూగ ఓటే. ఈ వ్యాసం ఆ ఓటుకి మాట ఎలా ఇవ్వాలన్నదాని గురించి.

ఒక్క పదవీకాలం విలువ

"అది వందేళ్ళ సమస్య, ఈసారి ఉద్యోగాలు చూద్దాం" అనే మాట తరచూ వినపడుతుంది. ఎదుటివాళ్ళ మాటల్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఇదే, ఎందుకంటే చూడ్డానికి సబబుగానే ఉంటుంది. లెక్క వేసి చూద్దాం.

భూమి ఎంత వేడెక్కుతుందన్నది ఇంతవరకు గాలిలోకి వదిలిన కార్బన్ డయాక్సైడ్ మొత్తం మీద ఆధారపడుతుంది. వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ 2021 నివేదిక ప్రకారం ప్రతి లక్ష కోట్ల టన్నులకు సుమారు 0.45 డిగ్రీలు పెరుగుతుంది. ప్రపంచం ఇప్పుడు ఏడాదికి వదులుతున్నది సుమారు 4 వేల కోట్ల టన్నులు. అయిదేళ్ళ పదవీకాలంలో 20 వేల కోట్ల టన్నులు. అంటే ప్రపంచంలోని ప్రభుత్వాలన్నీ ఒక్క పదవీకాలం ఇలాగే గడిపేస్తే, సుమారు 0.09 డిగ్రీలు శాశ్వతంగా జమపడతాయి. శాశ్వతంగా అంటున్నది ఊరికే కాదు. ఆ వాయువులో గణనీయమైన భాగం వేల ఏళ్ళు గాలిలోనే ఉంటుంది, తర్వాత వచ్చే మంచి ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకోలేదు. 2024 సంవత్సరపు సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందున్నదానికన్నా సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ చెప్పింది. ఇప్పుడు కలిసే ప్రతి పదో వంతు డిగ్రీ దాని పైన కూర్చుంటుంది.

ఇది గాలి సంగతి. నేల మీద కట్టేవాటి లెక్క ఇంకా కఠినం. ఒక ప్రభుత్వం వెయ్యి మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రానికి అనుమతి ఇచ్చిందనుకోండి. అది 70 శాతం సామర్థ్యంతో నడిస్తే ఏడాదికి సుమారు 613 కోట్ల యూనిట్లు వస్తాయి. యూనిట్‌కి 0.95 కిలోల చొప్పున వేస్తే, ఏటా 58 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్. అలాంటి కేంద్రం నలభై ఏళ్ళు నడుస్తుంది, దాని అప్పులూ కొనుగోలు ఒప్పందాలూ పాతికేళ్ళ లెక్కతో రాసుకుంటారు. సంతకం పెట్టిన మంత్రి అయిదేళ్ళలో దిగిపోతాడు. ఆ సంతకం మాత్రం ఎనిమిది పదవీకాలాలు పనిచేసి, మొత్తం 23 కోట్ల టన్నులు వదులుతుంది. మధ్యలో మూసేద్దామంటే నష్టపరిహారం, కార్మికుల ఉపాధి, బ్యాంకుల మొండి బాకీ అన్నీ ఒక్కసారి మీదపడతాయి. కాబట్టి "ఈసారి వదిలేద్దాం" అంటే ఒక ఎన్నిక వదిలేసినట్టు కాదు, రాబోయే ఏడు ఎన్నికల్లో ఎంచుకునే వీలును కూడా వదిలేసినట్టు. ఉద్యోగాల విషయంలో ఈసారి జరిగిన తప్పును వచ్చేసారి చాలావరకు దిద్దుకోవచ్చు. దీన్ని దిద్దుకోలేం. ప్రాధాన్యాల జాబితాలో వాతావరణాన్ని పైకి జరపమని నేను అడగడానికి అసలు కారణం ఈ తేడా.

బావి తవ్వినవాడికి ఓటు పడదు

ఓటర్ల తప్పు గురించి కూడా మాట్లాడుకోవాలి. నాయకులనే అంటే సగం నిజమే అవుతుంది.

ఆండ్రూ హీలీ, నీల్ మల్హోత్రా అనే ఇద్దరు పరిశోధకులు 2009 లో అమెరికా ఎన్నికల ఫలితాలను ప్రకృతి విపత్తుల ఖర్చుతో పోల్చి చూశారు. విపత్తు వచ్చాక సాయం పంచిన పార్టీకి ఓట్లు పెరిగాయి. విపత్తు రాకముందే జాగ్రత్తల మీద ఖర్చు పెట్టిన పార్టీకి ఓట్లేమీ పెరగలేదు. ఆ జాగ్రత్తల మీద పెట్టిన ప్రతి డాలరూ తర్వాత సుమారు పదిహేను డాలర్ల నష్టాన్ని తప్పిస్తుందని కూడా వాళ్ళే లెక్కగట్టారు. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వడం మూర్ఖత్వమని మన సామెత. ఎన్నికల్లో మాత్రం మంటల పక్కన గునపం పట్టుకుని నిలబడ్డవాడికే ఓటు పడుతోంది, ముందే తవ్వి ఉంచినవాడు ఎవరి కంటికీ ఆనడం లేదు. రెండు మూడు ఎన్నికలు ఇది చూసిన ఏ పార్టీ అయినా ఏం నేర్చుకుంటుంది?

జనం విపత్తు మీద తీర్పు ఇవ్వలేరని కాదు. 1970 నవంబరు 12 రాత్రి భోలా తుపాను అప్పటి తూర్పు పాకిస్తాన్ తీరాన్ని ముంచింది. కనీసం మూడు లక్షల మంది చనిపోయారని అంచనా. సహాయ చర్యల్లో పశ్చిమ పాకిస్తాన్ పాలకులు చూపిన నిర్లక్ష్యం మీద జనం కోపం కట్టలు తెంచుకుంది. డిసెంబరు 7 న మొదలైన ఎన్నికల్లో ఆ ప్రాంతంలోని 162 స్థానాల్లో 160, అక్కడి స్వయంపాలన కోరే పార్టీ అవామీ లీగ్‌కి వచ్చాయి. భాష, స్వయంపాలన లాంటి పెద్ద కారణాలు అంతకుముందే ఉన్నాయి, ఆ ఫలితాన్ని తుపాను ఖాతాలోనే వేయలేం. కానీ సముద్రం తెచ్చిన చావుకు బ్యాలెట్ దగ్గర లెక్క అడగవచ్చని ఆ ఎన్నిక చూపించింది. తర్వాతి దశాబ్దాల్లో బంగ్లాదేశ్ హెచ్చరికల వ్యవస్థ, వేలమంది వలంటీర్లు, ఎత్తైన తుపాను షెల్టర్లు కట్టుకుంది. 2020 లో ఆంఫన్ తుపాను వచ్చినప్పుడు అక్కడ చనిపోయినవాళ్ళ సంఖ్య పదుల్లో ఉంది. ఆ షెల్టర్లలో ప్రతి ఒక్కటీ తుపాను లేని ఏదో ఒక ఏడాదిలో, ఎవరో ఒకరు బడ్జెట్‌లో పెట్టించినదే. ఓటరుగా మనం మెచ్చుకోవలసింది ఆ ఏడాదిని.

మేనిఫెస్టోలో ఏం చూడాలి

వాతావరణం గురించి ఏమీ రాయని పార్టీ ఇప్పుడు అరుదు. చిక్కంతా రాసినదాన్ని తూచడంలో ఉంది. మాటలు ఒకటే కనపడతాయి, వెనకున్న అంకెలు వేరు.

ఎక్కువగా మోసం జరిగేది "తీవ్రత" అనే మాట దగ్గర. ఉద్గారాలు, అంటే గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువులు, 45 శాతం తగ్గిస్తామనడం ఒకటి, ఉద్గారాల తీవ్రత 45 శాతం తగ్గిస్తామనడం మరొకటి. తీవ్రత అంటే ఆర్థిక వ్యవస్థలో ఒక్కో రూపాయి ఉత్పత్తికి ఎంత పొగ వస్తోందన్న లెక్క. ఆర్థిక వ్యవస్థ ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్ళలో రెట్టింపవుతుంది. తీవ్రత 45 శాతం తగ్గినా మొత్తం ఉద్గారాలు పది శాతం పెరుగుతాయి. ఎదుగుతున్న దేశానికి తీవ్రత లక్ష్యం తప్పని నేను అనను, ఆ దశలో అది న్యాయమైన మెట్టే. అది తగ్గింపు అని చెప్పుకుంటేనే అబద్ధం. అలాగే ఏ సంవత్సరంతో పోల్చి తగ్గిస్తారో చూడాలి. ఉద్గారాలు బాగా ఎక్కువగా ఉన్న ఏడాదిని ఆధారంగా పెట్టుకుంటే సగం పని కాగితం మీదే అయిపోతుంది. "మామూలుగా పెరిగేదానికన్నా 30 శాతం తక్కువ" అని రాస్తే ఇంకా అనుమానించాలి, ఎందుకంటే మామూలుగా ఎంత పెరిగేదో నిర్ణయించేది కూడా వాళ్ళే.

రెండోది మెగావాట్లు. వెయ్యి మెగావాట్ల సోలార్ అంటే వెయ్యి మెగావాట్ల బొగ్గుకి బదులు వచ్చేసిందని చాలామంది అనుకుంటారు. సోలార్ ఏడాది పొడుగునా సగటున తన సామర్థ్యంలో 20 శాతం దగ్గర ఇస్తుంది, అంటే సుమారు 175 కోట్ల యూనిట్లు. పైన లెక్కేసిన బొగ్గు కేంద్రం ఇచ్చేది 613 కోట్లు. అందుకని సోలార్ పనికిరాదని కాదు, దాని ధర 2010 తర్వాత పదేళ్ళలో సుమారు తొంభై శాతం పడిపోయింది, కొత్తగా కట్టేవాటిలో చాలాచోట్ల అదే చవక. మెగావాట్లు చెప్పినవాళ్ళని యూనిట్లు అడగాలి, ఆ తర్వాత రెండు సంగతులు అడగాలి. పొద్దు గుంకాక ఏం చేస్తారు? బ్యాటరీ గానీ పంప్‌డ్ స్టోరేజీ (పగలు నీళ్ళు ఎత్తుకి తోడి, తర్వాత కిందికి వదిలి కరెంటు తీయడం) గానీ అంటే, ఎన్ని మెగావాట్లు అన్నదాంతో పాటు ఎన్ని గంటలు అని కూడా చెప్పాలి. వెయ్యి మెగావాట్లు నాలుగు గంటలు ఇవ్వడానికి 40 లక్షల యూనిట్లు నిలవ ఉండాలి. ఒక్క గంటకే అయితే సాయంత్రపు గిరాకీ మధ్యలోనే ఖాళీ అయిపోతుంది. రెండోది, లైన్లు ఎప్పుడొస్తాయి? ఏడాదిన్నర, రెండేళ్ళలో సోలార్ పార్కు లేచి నిలబడుతుంది, హై వోల్టేజీ లైనుకి భూమి, అనుమతులు, టవర్లు కలిపి తరచూ అంతకు రెట్టింపు కాలం పడుతుంది. లైన్ లేని పార్కులో మధ్యాహ్నం కరెంటు తయారయ్యే వీలున్నా ఆపేయాల్సి వస్తుంది. ప్రారంభోత్సవం జరిగిపోయాక ఈ సంగతి వార్తల్లోకి రాదు.

మొక్కల హామీ గురించి కూడా చెప్పాలి, అందరికీ ఇష్టమైన హామీ అది. కోటి మొక్కలు నాటారు, అన్నీ బతికాయి, పెరిగి ఒక్కోటి ఏడాదికి 20 కిలోల కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటున్నాయి అనుకుందాం. మొత్తం రెండు లక్షల టన్నులు. ఆ వెయ్యి మెగావాట్ల బొగ్గు కేంద్రం పదమూడు రోజుల్లో వదిలేది అంతే. సగం మొక్కలే బతికితే వారం రోజులు కూడా రాదు. చెట్లు నీడకి, నేలకి, నీటికి, పక్షులకి కావాలి. వాటికోసం నాటమని అడుగుదాం, మూడో ఏడాది ఎన్ని బతికున్నాయో లెక్క చెప్పమందాం. పొగకి పరిహారంగా చూపిస్తే మాత్రం ఒప్పుకోకూడదు.

ఇక దూరపు తేదీలు. 2050, 2060, 2070 నాటికి నెట్ జీరో (వదిలేది, వెనక్కి పీల్చుకునేది సమానం కావడం) అని ప్రకటించినవాళ్ళు ఆనాటికి పదవిలో ఉండరు. ఆ తేదీ అనవసరమని కాదు, దిక్కు చూపిస్తుంది. మనం ఓటేస్తున్నది మాత్రం ఈ అయిదేళ్ళకి. మొదటి రెండేళ్ళలో ఏ చట్టం, ఏ శాఖ, ఎంత కేటాయింపు అన్నది లేకపోతే మిగతాదంతా ఆశీర్వచనమే. వడగాడ్పుల ప్రణాళికలు దీనికి ఉదాహరణ. 2010 మేలో వేడికి 1,300 మందికి పైగా అదనపు మరణాలు సంభవించాక, అహ్మదాబాద్ నగరం 2013 లో ఒక ప్రణాళిక తెచ్చింది. ఎంత ఉష్ణోగ్రత వస్తే ఎవరు ఎవరికి కబురు చేయాలి, ఆసుపత్రులు ఏం సిద్ధం చేసుకోవాలి, పనివేళలు ఎలా మార్చాలి అని అందులో స్పష్టంగా రాసుకున్నారు. తర్వాత చాలాచోట్ల అలాంటివి వచ్చాయి. సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ అనే పరిశోధనా సంస్థ 2023 లో భారతదేశంలోని 37 ప్రణాళికలను పరిశీలిస్తే, డబ్బు ఎక్కడినుంచి వస్తుందో మాట్లాడినవి 11 మాత్రమే. డబ్బు మాట లేని ప్రణాళిక ఎండాకాలం వచ్చేసరికి గోడమీద పోస్టరుగా మిగులుతుంది.

ఎవరిని ఏమడగాలి

ప్రశ్న తప్పు మనిషిని అడగడం వల్ల వృథా అయ్యే శ్రమ ఎంతో. మున్సిపల్ అభ్యర్థిని బొగ్గు గురించి అడిగితే ఆయన హాయిగా అవునంటాడు, ఆయన చేతిలో ఏమీ లేదు కాబట్టి. ఆయన చేతిలో ఉన్నది చెత్త, కాలువలు, బస్సులు, భవన అనుమతులు, నీడ. తడి చెత్త గుట్టలుగా పడి కుళ్ళితే మీథేన్ వస్తుంది. మీథేన్ గాలిలో ఉండేది పన్నెండేళ్ళే గానీ, ఇరవై ఏళ్ళ లెక్కలో దాని వేడి కార్బన్ డయాక్సైడ్‌కి ఎనభై రెట్లకు పైగా ఉంటుంది. తడి చెత్త వేరుచేసి కంపోస్టుకో బయోగ్యాస్‌కో పంపితే ఫలితం ఆ దశాబ్దంలోనే కనపడుతుంది. వాతావరణానికి సంబంధించి అయిదేళ్ళ పదవిలో చేసి చూపించగల పని ఏదన్నా ఉందంటే అది ఇదే.

కాలువల గురించి అడగవలసినది ఒకటే ప్రశ్న: కొత్త మురుగు కాలువల కొలతలు ఏ సంవత్సరాల వర్షపాతం లెక్కతో వేశారు? గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, గంటలో కురిసే కుండపోత ఆ మేరకు పెరుగుతుంది. నలభై ఏళ్ళ కిందటి వానలకు కొలిచిన కాలువని కొత్త సిమెంటుతో కట్టినా అది పాత కాలువే. ఈ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే అభ్యర్థి ఉండడు. "ఇంజనీరుని కనుక్కుని చెబుతాను" అన్నవాళ్ళకి, నవ్వి ఊరుకున్నవాళ్ళకి మధ్య తేడా అక్కడ తెలిసిపోతుంది.

రాష్ట్ర స్థాయిలో అడగవలసినవి కరెంటు పంపిణీ సంస్థల అప్పులు, లైన్లు, సాగునీటి పంపులు, నేల వాడకం. జాతీయ స్థాయిలో బొగ్గు, చమురు, గ్యాస్ అనుమతులు, వాటికిచ్చే సబ్సిడీలు, పన్నులు, వాహనాల ప్రమాణాలు.

ప్రశ్నలు మూడు దాటకూడదు. ఇరవై డిమాండ్ల పత్రం ఇస్తే అభ్యర్థి అన్నిటికంటే తేలికైనదానికి ఒప్పుకుని ఫోటో దిగుతాడు. "పర్యావరణానికి కట్టుబడి ఉన్నారా?" అనే ప్రశ్న అసలు వద్దు, దానికి కాదని ఎవరూ అనరు. ఒక పని, ఒక అంకె, ఈ పదవీకాలం లోపలి ఒక తేదీ ఉండాలి. ఒంటరిగా కాకుండా పదిమంది సంతకాలతో, రాతపూర్వకంగా, పోటీలో ఉన్న అందరికీ ఒకే ప్రశ్న పంపాలి. జవాబులు, జవాబు రాకపోతే ఆ సంగతీ, పక్కపక్కన పెట్టి అందరికీ చూపించాలి. మేనిఫెస్టో రాసే కమిటీలు ఎన్నికలకు కొన్ని నెలల ముందే కూర్చుంటాయి. పోలింగ్‌కి పదిరోజుల ముందు అడిగితే మాట దొరుకుతుంది, కమిటీ కూర్చున్నప్పుడు అడిగితే వాక్యం దొరుకుతుంది.

ఇలా అడిగితే జరిగిందా అంటే, జరిగింది. బ్రిటన్‌లో 2005 నుంచి ఫ్రెండ్స్ ఆఫ్ ది ఎర్త్ అనే పర్యావరణ సంస్థ నడిపిన ప్రచారానికి ఒకే ఒక్క కోరిక: ఉద్గారాలు ఏటా తగ్గించాలని చట్టం చేయండి. జనం ఎవరి సభ్యుడికి వాళ్ళు ఉత్తరాలు రాశారు, కలిసి అడిగారు. దిగువ సభలోని 646 మంది సభ్యుల్లో 412 మంది ఆ కోరిక మీద సంతకం చేశారు. 2008 లో వాతావరణ మార్పు చట్టం వచ్చినప్పుడు దానికి వ్యతిరేకంగా ఓటేసినవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. అయిదేళ్ళకొక కార్బన్ బడ్జెట్ (ఆ అయిదేళ్ళలో దేశం వదలగల ఉద్గారాలకి పరిమితి), దాన్ని పన్నెండేళ్ళ ముందే నిర్ణయించడం, ప్రభుత్వానికి బయట ఒక నిపుణుల కమిటీ ఏటా లెక్క చూడడం అందులో ఉన్నాయి. 2012 లో అక్కడి కరెంటులో సుమారు నలభై శాతం బొగ్గుదే. 2024 సెప్టెంబరు 30 న చివరి బొగ్గు కేంద్రం మూతపడింది. మధ్యలో ప్రధానులు, పార్టీలు మారినా దారి మారలేదు. అదే బ్రిటన్‌లో 2025 లో కన్సర్వేటివ్ పార్టీ తాము గెలిస్తే ఈ చట్టాన్ని రద్దు చేస్తామని ప్రకటించింది. ఎంత మంచి చట్టమైనా దాని వెనక ఓటరు నిలబడి ఉన్నంతకాలమే నిలుస్తుంది.

తేలికగా కొట్టిపారేయలేని అభ్యంతరాలు

"భారమంతా పేదవాడి మీద పడుతుంది" అనేది మొదటిది. పడిన సందర్భాలు ఉన్నాయి. 2018 నవంబరులో ఫ్రాన్స్‌లో ఇంధనం మీద పన్ను పెంపుకి వ్యతిరేకంగా పసుపు కోట్ల ఉద్యమం లేచింది. బస్సూ రైలూ లేని పల్లెల్లో, పనికి కారు తప్ప దారిలేని మనుషులు వాళ్ళు. డిసెంబరులో ప్రభుత్వం ఆ పెంపుని విరమించుకుంది. కెనడా కథ ఇంకో రకం. 2019 లో తెచ్చిన ఇంధన చార్జీలో సుమారు 90 శాతం సొమ్ము ఇళ్ళకే తిరిగి ఇచ్చారు. కానీ చార్జీ పెట్రోలు బంకు దగ్గర ప్రతిసారీ కళ్ళకు కనపడేది, తిరిగొచ్చే డబ్బు మూడు నెలలకోసారి చడీచప్పుడూ లేకుండా బ్యాంకు ఖాతాలో పడేది. చాలామందికి అది వస్తున్నట్టే తెలియలేదు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ చార్జీ ఎత్తేశారు. నాకు ఇందులో కనపడేది ఒక క్రమం: ముందు బస్సు, తర్వాత పన్ను. ముందు చేతికి డబ్బు, తర్వాత చార్జీ. అభ్యర్థిని అడిగే మూడు ప్రశ్నల్లో ఒకటి "దీని ఖర్చు ఎవరి మీద పడుతుంది, వాళ్ళకి ముందుగా ఏమిస్తారు?" అన్నది కావాలి. ఆ ప్రశ్న అడగని వాతావరణ ఉద్యమం నాలుగేళ్ళు తిరక్కుండా ఓడిపోతుంది, ఓడిపోవడం న్యాయం కూడా.

"మన దేశం వాటా ఎంత, పెద్ద దేశాలు ముందు తగ్గించాలి" అనేది రెండోది. చరిత్ర లెక్కలో ఇది నిజం, ఇప్పటిదాకా గాలిలోకి చేరిన కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు ఒక్క అమెరికాదే. ఆ బాకీ అడగాల్సిందే, అడిగే ప్రభుత్వాన్నే ఎన్నుకోవాలి. కానీ ఒక్కొక్కటీ రెండు శాతం కన్నా తక్కువ వాటా ఉన్న దేశాలన్నీ కలిస్తే ప్రపంచ ఉద్గారాల్లో దాదాపు మూడో వంతు. అందరూ పల్లకీ ఎక్కేవాళ్ళే అయితే మోసేవాళ్ళెవరు? పైగా షెల్టర్లు, కాలువలు, వేడిని తట్టుకునే ఇళ్ళు ఇంకో దేశం తగ్గిస్తే రావు. వాటికోసం వేసే ఓటుకి వాటాల తగాదాతో పనే లేదు.

మూడోది నన్ను నిజంగా ఇబ్బంది పెడుతుంది. "గెలిపించినా తర్వాతివాళ్ళు వచ్చి తిరగతోడతారు." ఆస్ట్రేలియాలో 2012 జూలైలో టన్నుకి 23 డాలర్లతో మొదలైన కార్బన్ ధరని (కార్బన్ డయాక్సైడ్ వదిలే కంపెనీలు కట్టే చార్జీ) 2013 ఎన్నికల తర్వాత వచ్చిన ప్రభుత్వం 2014 జూలైలో ఎత్తేసింది. అమెరికాలో 2022 ఆగస్టు వాతావరణ చట్టం సెనేట్‌లో 51-50 తో, ఉపాధ్యక్షురాలి ఓటుతో గట్టెక్కింది. అందులోని పన్ను రాయితీల్లో చాలావాటిని 2025 చట్టం కోసేసింది. ఒక్క ఓటుతో వచ్చింది ఒక్క ఎన్నికతో పోయింది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకటి మాత్రం గమనించాను: కట్టేసిన లైన్లు, మూసేసిన బొగ్గు కేంద్రాలు, ఇంటి కప్పుమీద ఎక్కిన సోలార్ పలకలు ఎవరూ వెనక్కి తీసుకోలేదు. పన్ను రాయితీ కాగితాన్ని చింపడం తేలిక, టవరు పీకడం కష్టం. అందుకే హామీల్లో ఎంచుకోవలసి వస్తే, ఈ పదవీకాలంలోనే నేల మీద నిలబడే పనికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

"మిగతావన్నీ వదిలేసి ఒక్కదానికే ఓటేయమంటారా?" అని కూడా అడుగుతారు. లేదు. మనుషుల ప్రాణాలకీ హక్కులకీ ముప్పు తెచ్చేవాడు సోలార్ గురించి ఎంత చక్కగా మాట్లాడినా నా జల్లెడలో ముందే రాలిపోతాడు. ఆ జల్లెడ దాటినవాళ్ళలో ఎంచుకునేటప్పుడు వాతావరణం మొదటి ప్రశ్న కావాలి. సాధారణంగా మిగిలేది ఇద్దరో ముగ్గురో, వాళ్ళ మధ్య ధరల గురించి చెప్పే మాటల్లో తేడా మనం అనుకునేంత ఉండదు కూడా. అందరూ ఒకటేలా ఉంటే? ఆస్ట్రేలియాలోని ఇండీ నియోజకవర్గంలో కొందరు ఇళ్ళలో బల్ల చుట్టూ కూర్చుని, మీకేం కావాలని ఇరుగుపొరుగుని అడగడంతో మొదలుపెట్టారు. అప్పుడు వాళ్ళ విషయం వాతావరణం కాదు, రైళ్ళు, ఫోన్ సిగ్నళ్ళు లాంటివి. 2013 లో వాళ్ళు నిలబెట్టిన స్వతంత్ర అభ్యర్థి కాథీ మెక్‌గోవన్ 439 ఓట్లతో గెలిచింది. అదే పద్ధతిని వాతావరణం కోసం వాడుకున్న స్వతంత్రులు 2022 లో, పార్టీల కంచుకోటలనుకున్న స్థానాలను గెలుచుకున్నారు. ఆ ఏడాదే 2030 నాటికి ఉద్గారాలు 2005 కన్నా 43 శాతం తగ్గించాలన్న చట్టం వచ్చింది.

ఫలితాలు వచ్చాక

ఎక్కువమంది ఇక్కడ ఆగిపోతారు. గెలిచినవాళ్ళకి ఒక ఉత్తరం రాయాలి: మీరు ఫలానా తేదీలోగా ఫలానా పని చేస్తామని రాసిచ్చారు, మా ఓటు అందుకే వేశాం. మొదటి బడ్జెట్ వచ్చినరోజు ఆ పని పేరు ఏ పద్దు కింద ఉందో, ఎంత ఉందో వెతకాలి. లేకపోతే రెండో ఉత్తరం ఆ వారంలోనే వెళ్ళాలి. ఏడాది ఆగితే సవరణ అంచనాలు కూడా అయిపోతాయి.

ఓడిపోయినవాళ్ళకి కూడా రాయాలి, మాటల కరుకు లేకుండా. గెలిచిన పార్టీ తను చెప్పిందల్లా జనానికి నచ్చిందనుకుంటుంది. ఎక్కడ తప్పు జరిగిందని కూర్చుని వెతుక్కునేది ఓడిన పార్టీయే. ఆ సమీక్ష జరిగే వారంలో, ఒకే నియోజకవర్గం నుంచి రెండు వందల ఉత్తరాలు వాళ్ళ బల్లమీదకి చేరాలి. ఒక్కోటి నాలుగు వాక్యాలు చాలు: మీ అభ్యర్థికి ఫలానా ప్రశ్న పంపాం, జవాబు రాలేదు, అందుకని ఓటు వేయలేదు, వచ్చేసారి మళ్ళీ అడుగుతాం.